ఆరో నియమం

12 జూన్ 2024
జైలు

సక్కక్కకు,

మొన్న ఫోన్ వంతు వచ్చినా చేయలేదు. నా కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవితో సగం మాట వింటాను, మిగతా సగం ఊహించుకుంటాను. ఇచ్చిన అయిదు నిమిషాలు "ఆఁ? ఆఁ?" అనడంతోనే అయిపోతాయి. ఉత్తరమే నయం. ఇక్కడి బడిలో నేర్చుకున్న అక్షరాలకూ పని దొరుకుతుంది.

అసలు సంగతి రాస్తున్నాను, కూర్చుని చదువు. పదమూడేళ్ళకు నా పేరు విడుదల జాబితాలోకి ఎక్కింది. గాంధీ జయంతికి వదులుతారట. బయటికి పోయాక ఎక్కడ ఉంటావు, ఎవరి దగ్గర ఉంటావు అని కాగితం మీద రాయించుకున్నారు. ఇబ్రహీంపట్నంలో చెరువు కింది గల్లీలో మన ఇల్లు రాశాను. ఒక సారు వచ్చి చూసిపోతాడు. వానలు ముదరకముందే కప్పు సర్దించు. ముందటి అర్రలో అవ్వ మంచం అట్లాగే ఉందా? నిద్రలోనే పోయిందని రాశావు కదా. నేను ఆ మంచం మీదే పడుకుంటాను, నాకు భయం లేదు.

నువ్వేదో కమిటీలో మెంబరువయ్యావని రాశావు. బ్యారక్‌లో అందరికీ చెప్పుకున్నాను. మా పక్క పరుపు పరమేష్ "ఇగ నీకేం ఫికర్ బిక్షం, పోంగనే నౌకరి" అన్నాడు. ఏం కమిటీ అక్కా అది? ఉత్తరాలు ఇంటికి రాయొద్దు, మాణిక్యమ్మ టిఫిన్ సెంటర్‌కే రాయమంటావు, ఎందుకు? మన గల్లీకి పోస్ట్‌మన్ రాడా?

తట్టాబుట్టా సర్దుకుంటున్న
నీ తమ్ముడు బిక్షం


25 జూన్ 2024
ఇబ్రహీంపట్నం

తమ్ముడా బిక్షం,

నీ ఉత్తరాన్ని మాణిక్యమ్మ ఇడ్లీ పొట్లంతో పాటు చేతిలో పెట్టింది. చదివి ఏడ్చాను. "ఏందే, ఎవరన్న పోయిన్రా?" అంది. "లేదే, మా తమ్ముడు వస్తుండు" అన్నాను. "గట్లయితే నవ్వాలె గానీ" అని ఇంకో ఇడ్లీ వేసింది.

కమిటీ సంగతి అడిగావు. ఊళ్ళో కొందరు పెద్దమనుషులు కలిసి నీడ లేనివాళ్ళ కోసం మార్కెట్ వెనక పాత విత్తనాల గోదాం కిరాయికి తీసుకున్నారు. ముప్పై మంది దాకా పడుకుంటారు. మధ్యలో రేకుల అడ్డం కట్టి ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు. పెద్ద ఇంద్రసేనరెడ్డి సారు, హెడ్మాస్టరుగా చేసి దిగిపోయాడు. నిశాంత్ అని చదువుకున్న పిల్లవాడు లెక్కాపత్రం రాస్తాడు. అటువంటి మనుషుల బాధ తెలిసినవాళ్ళు ఒకరు కమిటీలో ఉండాలని నన్ను పెట్టుకున్నారు. కుర్చీ చివరన వేస్తారు, ఛాయ్ చివరన ఇస్తారు. అయినా కూర్చుంటాను.

మొదటి సమావేశంలో అందరికీ మందపు దుప్పట్లు కొందామన్నారు. నేను లేచి, "దుప్పటి లేకుంటే చలి పెడ్తది సారూ, సంచి పోతే మనిషే పోతడు. కాయితాలు, ఫోటోలు, మందులు అన్ని ఆ సంచిలనే ఉంటయి. చిన్న చిన్న పెట్టెలు, తాళాలు ఇయ్యుండ్రి" అన్నాను. ఇంద్రసేన సారు కళ్ళద్దాలు తీసి నా వైపు చూశాడు. పెట్టెలు మాత్రం వచ్చే సరికి ఎనిమిది నెలలు పట్టింది.

ఇంటి సంగతి తర్వాత రాస్తాను. అడ్రసు విషయంలో జర ఆగు తమ్ముడా, తొందరపడకు.

నీ అక్క
సక్కుబాయి


14 జూలై 2024
జైలు

అక్కా,

ఇక్కడి లైబ్రరీకి పేపరు ఒక రోజు ఆలస్యంగా వస్తుంది. నిన్న జిల్లా పేజీ తిప్పితే నువ్వు కనబడ్డావు. ఎర్ర అంచు చీర, చేతిలో మైకు. కింద "ఒకప్పుడు బస్టాండే ఇల్లు, నేడు పదిమందికి అండ" అని పెద్ద అక్షరాలు. నేను నాలుగుసార్లు చదివాను. మెంబరు అని గొప్పగా చెప్పుకున్నాను కదా, అందరూ నా చుట్టూ మూగారు. పరమేష్ పేపరు మడిచి పక్కన పెట్టాడు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

ఇల్లు పెట్టుకుని ఇల్లు లేదని చెప్పుకున్నావా? కమిటీలో కుర్చీ కోసమా? అవ్వ చేపల గంప నెత్తిన పెట్టుకుని రావిర్యాల దాకా నడిచి మనల్ని సాదింది. ఏనాడూ ఒకరి ముందు చెయ్యి చాపలేదు. ఆమె కన్న బిడ్డవి నువ్వు. బస్టాండులో పడుకున్నానని పేపర్లో చెప్పుకుంటావా? నేను చేసిన పనికి ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నావని ఇన్నాళ్ళూ నేను సిగ్గుపడ్డాను. ఇప్పుడు నిన్ను చూసి నేను సిగ్గుపడాలా?

అడ్రసు విషయంలో ఆగమన్నావు. అర్థమైంది. జైలు నుంచి వచ్చే తమ్ముడు కమిటీ మెంబరుకు అడ్డం. ఆ మాటే రాస్తే సరిపోయేది.

బిక్షం


24 జూలై 2024
ఇబ్రహీంపట్నం

తమ్ముడా,

ఇల్లు లేదు. నాలుగేళ్ళ నుంచి లేదు.

2020లో దసరా ముందు పెద్ద వానలు పడ్డాయి. చెరువు వైపు గోడ కూలింది, కప్పు దాని మీద పడింది. నేనూ అవ్వా పక్కింటి అరుగు మీద ఉన్నాము కాబట్టి బతికాము. నీళ్ళు తీసేసరికి మన జాగా చుట్టూ రాతి కడీలు పాతి ఉన్నాయి. ఎవరో కొన్నామన్నారు. మా దగ్గర ఏ కాగితమూ లేదు. తాత చేపలు పట్టడానికి వచ్చి వేసుకున్న గుడిసె కదా, కాగితం ఎవరు రాయించారు? ఇప్పుడక్కడ ప్రహరీ గోడ ఉంది. నువ్వు రాసిన సారు వస్తే ఆ గోడనే చూసిపోతాడు.

కిరాయికి ఒక అర్ర తీసుకున్నాము. కరోనాలో నా ఇళ్ళ పనులన్నీ పోయాయి. ఇంటాయన మంచివాడే, మూడు నెలలు ఆగాడు. తర్వాత మా సామాను బయట పెట్టాడు. ఒక్క వారం అనుకుని బస్టాండుకు పోయాము. నేను అక్కడ రెండేళ్ళు ఉన్నాను. అవ్వ పది నెలలు ఉంది.

అవ్వ మంచం మీద పోలేదు బిక్షం. అబద్ధం రాశాను. సంక్రాంతి ముందు చలి. తెల్లారింది, సీసా నింపుకొస్తానని నల్లా దగ్గరికి పోయాను. అవ్వ బల్ల మీద స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. నేను వచ్చేసరికి హయత్‌నగర్ బస్సు కోసం ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి ఆమె పక్కనే కూర్చుని మాట్లాడుకుంటున్నారు. బస్సు వచ్చింది. వాళ్ళు లేచారు. పక్క మనుషుల ఆసరా పోగానే అవ్వ ఒరిగిపోయింది. ఎప్పుడు పోయిందో నాకూ తెలియదు, వాళ్ళకూ తెలియదు. మాణిక్యమ్మ పొయ్యి ఆర్పి, ఆటో పిలిచి, అన్నీ తానే చేసింది. నీకు రాసిన ఉత్తరం ఆమె టిఫిన్ బల్ల మీదే రాశాను. ఇల్లు బాగుంది, కప్పు బాగుంది అని రాసినవన్నీ అక్కడివే. నిన్ను చూడ్డానికి ఎందుకు రావని అడిగేవాడివి. నా చీర చూస్తే నీకు తెలిసిపోతుందని రాలేదు.

తర్వాత ఒక పొద్దున నిశాంత్ కాగితాలు పట్టుకుని వచ్చి, ఇల్లు ఎందుకు పోయింది, తాగుతావా, మొగుడేడి అని అడిగాడు. "బాబూ, స్నానం ఏడ చేస్తవ్ అని అడుగు. నెలసరి వస్తే ఏం చేస్తున్నరు అని ఆడపిల్లలను అడుగు. గవి రాసుకో" అన్నాను. పాపం, రాసుకున్నాడు. అట్లా నన్ను కమిటీలోకి తీసుకున్నారు. ఇప్పుడు గోదాంలోనే తలుపు దగ్గర పడుకుని, వచ్చిన వాళ్ళను చూసుకుంటాను.

ఇంకొకటి ఉంది. ఇది కూడా ఈ ఉత్తరంలోనే రాయాలి. గోదాంకు ఆరు నియమాలున్నాయి. ఆరోది, జైలుకు పోయి వచ్చినవాళ్ళను చేర్చుకోరాదు. అది పెట్టమన్నది నేనే. నిరుడు వానాకాలంలో అటువంటివాడు ఒకడు చేరాడు. రేకుల అడ్డం దాటి వచ్చి, మా వైపు పడుకునే ప్రేమమ్మ మీద చెయ్యి వేశాడు. పెనుగులాటలో ఆమె మణికట్టు విరిగింది. మర్నాడు సమావేశంలో నేను లేచి అరిచాను. వాళ్ళు నా మాట మొత్తం విన్నది అదే మొదటిసారి. ఇంద్రసేన సారు "అనుభవమున్న మనిషి చెప్తున్నది, రాసుకో నిశాంత్" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. ఆ క్షణాన నువ్వు గుర్తు రాలేదు తమ్ముడా. ఆ దుర్మార్గుడొక్కడే కళ్ళ ముందు ఉన్నాడు.

కిరాయికి అర్ర వెతుకుతున్నాను. ఎవరెవరు ఉంటారని అడుగుతారు. నిజం చెప్పగానే తలుపు వేస్తారు.

తిట్టాలనుకుంటే తిట్టు. రాయడం మాత్రం మానకు.

సక్కుబాయి


11 ఆగస్టు 2024
జైలు

అక్కా,

సారు పోయి చూసి వచ్చాడు. అక్కడ గోడ తప్ప ఏమీ లేదన్నాడు. నేను "తెలుసు సార్" అన్నాను.

పరమేష్ తన మేనమామ అడ్రసు రాసుకోమన్నాడు, అదే రాయించాను. అక్కడికి నేను పోను. కాగితానికి ఒక అడ్రసు కావాలి, అంతే.

ఆరో నియమం గురించి నాకేం చెప్పాలో తెలియడం లేదు. ఇక్కడ పదమూడేళ్ళు ఉన్నాను. ఆడవాళ్ళ పక్కన పడుకోబెట్టకూడని వాళ్ళను చూశాను. నేనూ ఒక మనిషిని తెడ్డుతో కొట్టి చంపినవాణ్ణే. వలల తగాదా, తాగి ఉన్నాను అని ఎన్ని చెప్పుకున్నా ఆ మనిషి లేచి రాలేదు. ఆయన పేరు ఇప్పటికీ కాగితం మీద రాయలేను. నా కోసం నియమం మార్చమని ఎవరినీ అడగకు. విడుదల రోజు రావద్దు.

ఒక్కటి చెప్పు చాలు. అవ్వ చివర్లో నన్ను అడిగిందా?

బిక్షం


27 సెప్టెంబర్ 2024
ఇబ్రహీంపట్నం

బిక్షం,

నీ ప్రశ్నకు వెంటనే జవాబు రాయాల్సింది. సమావేశం అయ్యాక మంచి కబురుతో కలిపి రాద్దామని ఆగాను. అది రెండుసార్లు వాయిదా పడి నిన్న జరిగింది. మంచి కబురు లేదు.

"నాకొక తమ్ముడుండు, జైల్ల ఉండు, రెండో తారీఖు వస్తుండు" అని అందరి ముందు చెప్పాను. ఇంతకాలం చెప్పనందుకు నిశాంత్ ముఖం చిన్నబోయింది. ఇంద్రసేన సారు, "ఆ నియమం పెట్టమన్నది నువ్వే గదా సక్కుబాయి" అన్నాడు. గొంతులో కోపం లేదు, నిజంగానే అడిగాడు.

"అవ్ సారూ, నేనే. అప్పుడు ఒక్కన్ని చూసి అందర్ని అన్న."

"మరి ఇప్పుడు ఒక్కన్ని చూసి అందర్ని రానియ్యమంటవా?"

అప్పుడు ప్రేమమ్మ లేచింది. ఆమె మణికట్టు ఇప్పటికీ వంకరగానే ఉంది. "సక్కక్క నాకు తల్లి లెక్క. గానీ ఆ రేకు అవుతల గసుంటోళ్ళు పండుకుంటే నాకు కన్ను మూత వడదు సారూ. నేను మల్ల బస్టాండుకే పోత" అంది. చేతులెత్తమన్నారు. నియమం ఉండాలనే ఎక్కువ చేతులు లేచాయి. ప్రేమమ్మను నేను తప్పుపట్టలేను, నువ్వూ పట్టకు.

అవ్వ అడిగిందా అన్నావు. రోజూ అడిగేది. బొంగులూరు దగ్గర ఒక కొత్త వెంచర్‌లో వాచ్‌మన్ గది ఉంది, ఇద్దరూ ఉండొచ్చని ఒకాయన చెప్పాడు. అవ్వ రానంది. "బిక్షం వస్తే ఈ బస్టాండుల్నే దిగుతడు. మనం ఈడుంటే కనవడ్తం. ఆడికి పోతే పోరడు యాడ దేవులాడుతడు?" అంది. ఎంత బతిమాలినా కదల్లేదు.

రావద్దన్నావు గానీ నేను వస్తాను. రెండో తారీఖు పొద్దున గేటు దగ్గర ఉంటాను. ఎక్కడికి పోవాలో అప్పుడు ఇద్దరం ఆలోచిద్దాం.

అక్క


1 డిసెంబర్ 2024
హయత్‌నగర్

సక్కక్కకు,

నేను బయటే ఉన్నాను. రెండో తారీఖు అన్నారు గానీ ఒకటో తారీఖు పొద్దునే పంపించారు. రావద్దని రాసింది నేనే. అయినా మధ్యాహ్నం దాకా గేటు ఎదురుగా నిలబడ్డాను. నువ్వు రాలేదు. నేను చెప్పిన మాటే విన్నావు, నీ తప్పు లేదు.

బస్సెక్కి ఇబ్రహీంపట్నం వచ్చాను. బస్టాండులో ఊడ్చే ఆమెను అవ్వ గురించి అడిగితే స్తంభం పక్క బల్ల చూపించింది. కాసేపు కూర్చున్నాను. తర్వాత మార్కెట్ వెనక్కి వచ్చాను. గోదాం గేటుకు నియమాల బోర్డు ఉంది. ఆరోది రెండుసార్లు చదివాను. లోపల నువ్వు ఒక ముసలమ్మకు తల దువ్వుతున్నావు. ఆమె ఏదో అంటే నవ్వావు. నిన్ను అంత నవ్వుతూ చూసి ఎన్నేళ్ళయిందో. పిలిస్తే ఆ నవ్వు పోతుందనిపించింది. వచ్చిన దారినే పోయాను.

ఇక్కడ కూరగాయల మార్కెట్‌లో మూటలు దించుతాను. ఒక షాపు ముందర పడుకుంటాను. పక్కన ఎంకయ్య తాత ఉంటాడు, ఉబ్బసం మనిషి. నా చెవి సంగతి తెలిశాక, "మంచి చెవు మీదికి వెట్టి పండుకోరా. షటర్ లేపంగ ఇనవడకపోతే కాలితోని తంతరు" అని నేర్పాడు. చెప్పులు తల కింద పెట్టుకోమన్నాడు. ఇవన్నీ నీకు ముందే తెలుసు. నాకు ఇప్పుడు తెలుస్తున్నాయి. నువ్వు పేపర్లో చెప్పిందాన్ని అబద్ధమన్నాను. ఆ మాట గుండెలో ముల్లులా ఉంది, అందుకే ఈ ఉత్తరం.

వెతుక్కుంటూ రాకు. బాగానే ఉన్నాను.

బిక్షం


9 డిసెంబర్ 2024
ఇబ్రహీంపట్నం

నా తమ్ముడికి,

నేను రెండో తారీఖు పొద్దున వచ్చాను. నిన్ననే పోయిండమ్మా అన్నారు. అక్కడి రోడ్డు పక్కన చీకటి పడేదాకా కూర్చున్నాను. నేను ముందు రాసిన ఉత్తరం 'విడుదలయ్యాడు' అని గీసి వెనక్కి వచ్చింది. దీనితో పాటు పెడుతున్నాను. అవ్వ గురించి అందులో ఉంది. ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

నీ ఉత్తరం అందిన మర్నాడే హయత్‌నగర్ వచ్చాను, మళ్ళీ మొన్నా వచ్చాను. రెండుసార్లూ నువ్వు మూటల లారీతో ఎటో పోయావన్నారు. ఎంకయ్య తాత దగ్గర చద్దరు ఇచ్చి వచ్చాను, ఈ కవరు కూడా ఆయనకే ఇస్తాను. తాత నన్ను చూసి, "నీ లెక్కనే ఉన్నడు, ముక్కు" అన్నాడు.

నువ్వు గేటు దాకా వచ్చి వెనక్కి పోయిన సంగతి ప్రేమమ్మకు చదివి వినిపించాను. విని, "పగటి పూట తీస్కరా ఆయన్ని. మీటింగుల కూసోవెట్టు. మొఖం చూస్త, ఏమంటడో ఇంట" అంది. ఇంద్రసేన సారు కూడా సరే అన్నాడు. జనవరి 5, ఆదివారం, పది గంటలకు. నీకు చోటు ఇస్తారని నేను చెప్పడం లేదు. నీ మాట వింటారు, అంతవరకే.

రా తమ్ముడా.

అక్క


8 జనవరి 2025
ఇబ్రహీంపట్నం

బిక్షం,

ఇన్నేళ్ళ తర్వాత నిన్ను చూసి, మంచినీళ్ళు ఇవ్వడం తప్ప నాకు ఏమీ చేతకాలేదు. నువ్వు కూడా కుర్చీ అంచున కూర్చున్నావు. నెత్తి అంతా తెల్లబడింది నీకు.

నువ్వు ఆ నాలుగు మాటలూ చెప్పి లేచి పోయావు. ఎవరైనా ఏదైనా అంటే వినబడదేమోనని భయపడ్డావో, వినబడుతుందేమోనని భయపడ్డావో. నిశాంత్ నీ మాటలు అన్నట్టే రాసుకున్నాడు. నిన్న అడిగి మళ్ళీ చదివించుకున్నాను: "ఆ నియమం తియ్యకుండ్రి. ప్రేమమ్మక్క జాగల నేనుంటే నేను గూడ గట్లనే అంటుంటి. గానీ మేం గూడ యాడనో ఒక కాడ పండాలె గద. వేరే అర్ర చూడుండ్రి. ఇంకోటి, బయటికొచ్చిన దినం గేటు కాడ ఒక్క మనిషన్న ఉండాలె. నాకు ఎటు దిక్కు నడవాల్నో గూడ తెల్వలే."

నువ్వు పోయాక ప్రేమమ్మే మొదట నోరు తెరిచింది. "మా అర్రల వద్దు. గానీ వేరే అర్ర చూడుండ్రి సారూ, నేను చెయ్యి లేపుత" అంది. విరిగిన చెయ్యే ఎత్తింది. వేరే గది సంగతి వచ్చే సమావేశంలో చూద్దామన్నారు. ఇక్కడ 'చూద్దాం' అంటే ఎన్నాళ్ళో నాకు తెలుసు. గేటు దగ్గర మనిషి ఉండాలన్నది మాత్రం ఒప్పుకున్నారు. జనవరి 26కు కొందరిని వదులుతారట. ఎవరు పోతారంటే అందరూ నా వైపు చూశారు. "నాకేం తెలుసు సారూ ఆ సంగతి, తెలిసినోడు ఇప్పుడే లేచి పోయిండు" అన్నాను.

నువ్వు పోతావా? నీకే చోటు లేదు, ఇంకొకరికి ఎదురుపొమ్మని అడగడానికి నాకు నోరు రావడం లేదు. కాగితం మీద కాబట్టి అడిగాను.

సక్కుబాయి


27 జనవరి 2025
హయత్‌నగర్

సక్కక్కా,

పోయాను. నిశాంత్ కూడా వస్తానన్నాడు, వద్దన్నాను. ఇస్త్రీ చొక్కా చూస్తే వాళ్ళు బెదురుతారు.

పొద్దున ఏడింటి నుంచి నిలబడ్డాను. తొమ్మిది మంది వచ్చారు. ఎనిమిది మందికి ఎవరో ఒకరు ఉన్నారు, భార్య, కొడుకు, బావమరిది. మొక్కుకుని, ఏడ్చి, ఆటోలెక్కి పోయారు. చివరన ఒకాయన వచ్చాడు, యాభై పైబడి ఉంటాడు, చేతిలో ప్లాస్టిక్ సంచి. గేటు మూశారు. ఆయన కదల్లేదు. దగ్గరికి పోయి, "అన్నా, ఛాయ్ తాగుదాం పా" అన్నాను.

"ఎవరు నువ్వు? ఏ ఆఫీసు?" అన్నాడు.

"ఏ ఆఫీసు లేదన్నా. నేను అక్టోబర్ల వచ్చిన."

ఛాయ్ తాగాం. ఆయన పేరు మల్లా. రాయి కొట్టే పని. ఊళ్ళో ఎవరూ లేరు, ఉన్నవాళ్ళు రావద్దన్నారు. రెండో ఛాయ్ తాగుతూ, "ఇప్పుడు నువ్వేడ ఉంటున్నవ్?" అని అడిగాడు.

నువ్వు నాకు ఇన్నేళ్ళూ రాసినట్టు రాయడం ఎంత తేలికో అప్పుడు తెలిసిందక్కా. మంచి గది ఉందన్నా, పా అంటే ఆయన ముఖం వెలిగేది. నేను నిజమే చెప్పాను. షాపు ముందర, ఎంకయ్య తాత పక్కన, తెల్లవారకముందే లేవాలి అని. ఆయన ఛాయ్ మొత్తం తాగి గ్లాసు కింద పెట్టాడు. నాకు కోపం వస్తుందేమో అన్నట్టు, "ఒక దినం చూస్త" అన్నాడు. సంచి నా చేతికిచ్చి లేచాడు.

ఎంకయ్య తాత దగ్గు పెరిగింది, దవాఖానకు తీసుకుపోవాలి. అవ్వ గురించి నువ్వు రాసిన ఉత్తరం చదివాను. దాని గురించి ఇంకా రాయలేను.

వచ్చే సమావేశం ఎప్పుడో తెలియదు. ఆ వేరే గది సంగతి మళ్ళీ ఎత్తు. తమ్ముడి కోసం అడుగుతున్నానని చెప్పకు. ఇద్దరమున్నామని చెప్పు.

బిక్షం